పాత ట్యాబుకు ఏ ఓఎస్? ముందు పని తేల్చండి, తర్వాతే పేరు

నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా సెల్ రిపేరు దుకాణానికి వచ్చే ట్యాబులది దాదాపు ఒకటే ఫిర్యాదు. "అన్నా, ట్యాబ్ మస్తు స్లో అయింది. జర కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తవా?" దుకాణంలో సాధారణంగా జరిగేది మాత్రం కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్‌నే మళ్లీ కొత్తగా ఎక్కించడం. చెత్త పోతుంది, ట్యాబ్ పది రోజులు చురుగ్గా కనిపిస్తుంది, తర్వాత మళ్లీ అదే కథ. కుర్రాళ్లను అడిగితే ఇంకో జవాబు వస్తుంది. లీనియేజ్ వేయమని ఒకరు, లినక్స్ వేయమని మరొకరు, "అది అమ్మేసి కొత్తది కొను తాతా" అని ఇంకొకరు.

ఈ సలహాల్లో దేనికి ఎంత బలం ఉందో తేల్చడం ఈ వ్యాసం పని. పోటీలో ఉన్న ఓఎస్‌లను ఒక్కొక్కటిగా చూస్తూ, మన దగ్గరి ఇళ్లలో ఉన్న ట్యాబులకు ఏది ఎక్కడ పనికొస్తుందో చూద్దాం.

ఏ ట్యాబులు, ఎక్కడివి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇళ్లకు ట్యాబులు ముఖ్యంగా మూడు దారుల్లో చేరాయి. మొదటిది కరోనా కాలం. 2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో సర్కారు బడి పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బళ్లు జూమ్ క్లాసులు పెట్టాయి. ఫోను ఇంట్లో ఒక్కటే ఉండి పిల్లలు ఇద్దరు ఉన్నచోట చవక ట్యాబ్ కొనక తప్పలేదు. శామ్‌సంగ్ ట్యాబ్ ఏ 8.0, ట్యాబ్ ఏ7, లెనోవో ఎం8, ఎం10 రకాలు అప్పటివే. రెండోది అమెరికా దారి. కొడుకో కూతురో సెలవులకు వస్తూ తాము వాడి పక్కన పెట్టిన ఐప్యాడ్‌ను, లేదంటే అక్కడ చవకలో దొరికే అమెజాన్ ఫైర్ ట్యాబ్‌ను అమ్మానాన్నలకు ఇచ్చి పోతారు. మూడోది అంతకు ముందటి తరం. ఐబాల్ స్లైడ్‌లు, మైక్రోమ్యాక్స్‌లు, డేటావిండ్‌లు ఇంకా బీరువా పై అరల్లో ఉన్నాయి.

వీటన్నిటినీ "పాత ట్యాబ్" అని ఒకే మాటతో పిలుస్తాం గాని లోపల పరిస్థితి ఒకటి కాదు. 2020 నాటి ట్యాబ్ ఏ7కు, 2013 నాటి ఐప్యాడ్ ఎయిర్‌కు, ఇంటెల్ చిప్ ఉన్న విండోస్ ట్యాబుకు చికిత్సలు పూర్తిగా వేరు. అందుకే "ఏ ఓఎస్ మంచిది" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకూడదు.

ట్యాబులో ముందుగా చచ్చేది ఏమిటి

స్క్రీన్ బాగుంటుంది, స్పీకరు పలుకుతుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. అయినా ట్యాబ్ పనికి రాదు. ఎందుకంటే ముందుగా చచ్చేది బ్రౌజరు. భూభారతి పోర్టల్‌లో భూమి వివరాలు చూడాలన్నా, పరీక్ష హాల్ టికెట్ దించుకోవాలన్నా, వార్తలు చదవాలన్నా వెళ్లేది బ్రౌజరు గుండానే. యాప్‌లలో చాలావాటికి లోపల ఉన్నది కూడా బ్రౌజరు ఇంజనే.

దాని చావు రెండు దశల్లో వస్తుంది. మొదటిది సర్టిఫికెట్లు. ఒక సైటు నిజమైనదేనని గుర్తించడానికి ఓఎస్‌లో కొన్ని మూల సర్టిఫికెట్లు ముందే పెట్టి ఉంటాయి. లోకంలో కోట్ల సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆసరా చేసుకున్న పాత మూల సర్టిఫికెట్‌కు 2021 సెప్టెంబరు 30న గడువు తీరిపోయింది. దాని స్థానంలో వచ్చిన కొత్తది ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ట్యాబులకు తెలియదు. వాటి కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు కూడా 2024 సెప్టెంబరుతో ముగిసింది. దాంతో నిన్నటిదాకా తెరుచుకున్న సైటు ఇవాళ "మీ కనెక్షన్ ప్రైవేటుగా లేదు" అని ఎర్ర హెచ్చరిక చూపించడం మొదలైంది. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లను తానే వెంట తెచ్చుకుంటుంది కాబట్టి పాత ఆండ్రాయిడ్ మీద చాలాకాలం అదే ఆదుకుంది.

రెండో దశ బ్రౌజరు కంపెనీలు చేతులెత్తేయడం. 2025లో వచ్చిన క్రోమ్ 139కి ఆండ్రాయిడ్ 10 ఉండాలి. ఆండ్రాయిడ్ 8, 9 ఉన్న ట్యాబులు క్రోమ్ 138 దగ్గరే ఆగిపోయాయి. అంతకు ముందే, 2021 సెప్టెంబరు 27 నుంచి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాతవాటిలో గూగుల్ ఖాతాతో లాగిన్ కావడమే ఆపేశారు. 2023లో ఆండ్రాయిడ్ 4.4కు గూగుల్ ప్లే సర్వీసులూ ఆగాయి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. ఏడాదిపాటు బీరువాలో పడి ఉన్న ట్యాబును ఛార్జింగ్ పెట్టి తెరిస్తే తేదీ 1970 జనవరి 1 అనో, ట్యాబ్ తయారైన ఏడాది అనో చూపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా ఎండిపోయి లోపలి గడియారం మొదటికి వస్తే ఇలాగే అవుతుంది. ఆ తేదీ ప్రకారం చూస్తే ఇప్పటి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివి. అందుకని ఒక్క సైటూ తెరుచుకోదు, ప్లే స్టోర్ "ఎర్రర్" అంటుంది, మనం ఓఎస్ చెడిపోయిందనుకుంటాం. సెట్టింగ్స్‌లోకి పోయి తేదీ, సమయం సరిచేస్తే సగం జబ్బు అక్కడే నయమవుతుంది. ఓఎస్ మార్చాలన్న ఆలోచన చేసేముందు ఈ ఒక్క పని తప్పక చేయాలి.

కాబట్టి ఓఎస్‌లను పోల్చడానికి ఈ వ్యాసం పట్టుకున్న కొలబద్దలు మూడు. ఆ ఓఎస్‌లో బతికున్న బ్రౌజరు దొరుకుతుందా? తెలుగు సరిగ్గా కనిపిస్తుందా, టైపు అవుతుందా? ఆ ట్యాబు తాళం, అంటే వేరే ఓఎస్ ఎక్కకుండా అడ్డుకునే బూట్‌లోడర్, అసలు తెరుచుకుంటుందా? వేగం, అందం వీటి తర్వాతే.

ఆకాశ్ ట్యాబ్ నేర్పిన పాఠం

ఒకే చవక ట్యాబ్ మీద రెండు ఓఎస్‌లు పోటీపడిన కథ మనకు కొత్త కాదు. 2011 అక్టోబరు 5న కేంద్ర మంత్రి కపిల్ సిబల్ విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ గుర్తుందా? డేటావిండ్ కంపెనీది. ఆ మొదటి ట్యాబులను బిగించింది మన హైదరాబాద్‌లోని క్వాడ్ ఎలక్ట్రానిక్స్. 7 అంగుళాల తెర, గట్టిగా నొక్కితే తప్ప పలకని రకం టచ్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 2.2. ఆ కాలపు ఆండ్రాయిడ్‌లో తెలుగు లిపికి చోటే లేదు. హైదరాబాద్‌లో బిగించిన ట్యాబులో తెలుగు పేజీ తెరిస్తే వరసగా ఖాళీ డబ్బాలు కనబడే రోజులవి.

తర్వాత ఆ రెండు కంపెనీల మధ్య తగాదా వచ్చింది. ప్రాజెక్టు బాధ్యత ఐఐటీ రాజస్థాన్ నుంచి ఐఐటీ బొంబాయికి మారింది. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ను విడుదల చేశారు. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్, వేలు తాకితే పలికే తెర, ఆండ్రాయిడ్ 4.0. అసలు విశేషం దాని తర్వాత జరిగింది. ఐఐటీ బొంబాయి బృందం ఆ ట్యాబ్ మీద ఉబుంటు ఆధారిత లినక్స్‌ను నడిపి చూపించింది. సైలాబ్, పైథాన్, సీ భాష కంపైలర్ వంటి ఇంజనీరింగ్ విద్యార్థుల సరంజామా అంతా అందులో పనిచేసింది.

అది సాధ్యం కావడానికి కారణం ఓఎస్ గొప్పతనం కంటే చిప్ స్వభావం. అందులో వాడిన ఆల్‌విన్నర్ రకం చిప్‌లు పవర్ ఆన్ కాగానే ముందుగా ఎస్‌డీ కార్డులో ఓఎస్ ఉందేమో చూసి, లేకపోతేనే లోపలి మెమరీకి పోతాయి. లినక్స్ రాసిన మెమరీ కార్డు పెడితే లినక్స్, తీస్తే ఆండ్రాయిడ్. లోపల ఉన్నది చెరిగిపోతుందన్న భయం లేదు, తాళం పగలగొట్టే గొడవ లేదు. ఇంత తేలికైన దారి తర్వాత వచ్చిన ఖరీదైన ట్యాబుల్లో కరువైపోయింది.

ఆకాశ్ పథకం మొత్తంగా విఫలమైందనే చెప్పాలి. ట్యాబుల నాణ్యత మీద, సరఫరా మీద విమర్శలు వెల్లువెత్తాయి. కానీ పాత ట్యాబ్ ప్రశ్నకు కావలసిన పాఠం అందులోనే ఉంది. ఒక ట్యాబుకు రెండో జీవితం ఉంటుందా లేదా అన్నది అమ్మిన రోజే నిర్ణయమైపోతుంది. చిప్ తలుపు తెరిచి ఉందా, దాని సోర్స్ కోడ్ బయటికి వచ్చిందా అన్నవే నిర్ణయిస్తాయి.

మొదటి పోటీదారు: ఉన్న ఓఎస్‌నే ఉంచడం

దీన్ని ఎవరూ ఎంపికగా లెక్కపెట్టరు. నిజానికి ఎక్కువ ఇళ్లకు ఇదే సరైనది. 2020లో వచ్చిన శామ్‌సంగ్ ట్యాబ్ ఏ7 ఆండ్రాయిడ్ 10తో మొదలై 12 దాకా వచ్చింది. దాని మీద క్రోమ్ ఇంకా బతికే ఉంది. 2019 నాటి ట్యాబ్ ఏ 8.0 కూడా ఆండ్రాయిడ్ 9తో వచ్చి 11కు చేరింది, అప్‌డేట్లు చేసుకుని ఉంటే. చాలా ఇళ్లలో చేసుకోలేదు. రెండు జీబీ ర్యామ్ ఉన్న అలాంటి ట్యాబ్ నెమ్మదిస్తే తప్పు పూర్తిగా ఓఎస్‌ది కాదు. ఇరవై యాప్‌లు వెనక నుంచి నోటిఫికేషన్ల కోసం లేస్తూ పడుకుంటూ ఉంటాయి.

ఇలాంటి ట్యాబును ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. దానికంటే ముందు అందులోని గూగుల్ ఖాతాను తీసేయాలి. లేదంటే ఆండ్రాయిడ్ 5.1 నుంచి వచ్చిన గూగుల్ లాక్ పడి, పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతుంది. మన ఊళ్లలో సెకండ్ హ్యాండ్ ట్యాబ్ కొన్నవాళ్ల కష్టాల్లో సగం ఇదే. తర్వాత అప్‌డేట్లన్నీ పెట్టి, కావలసిన మూడు నాలుగు యాప్‌లే వేసుకుంటే మనవలతో వీడియో కాల్, టీశాట్ పాఠాలు, యూట్యూబ్ హాయిగా నడుస్తాయి. వాట్సాప్‌ను 2023 నుంచి ఫోనుకు జోడుగా ఆండ్రాయిడ్ ట్యాబులో పెట్టుకోవచ్చు. కొత్త సిమ్ అక్కర్లేదు.

రెండో పోటీదారు: లీనియేజ్ ఓఎస్

2016 చివర సయానోజెన్‌మాడ్ అనే ఆండ్రాయిడ్ రూపాంతరం మూతపడ్డాక దాని వారసత్వంగా స్వచ్ఛంద సేవకులు మొదలుపెట్టిందే లీనియేజ్. కంపెనీ వదిలేసిన పరికరానికి కొత్త ఆండ్రాయిడ్‌ను తెచ్చిపెడుతుంది. దీని బలం ఎంతో చూడాలంటే 2013 నాటి నెక్సస్ 7ను చూడాలి. గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ 6.0.1 దగ్గర వదిలేస్తే, లీనియేజ్ 18.1 ద్వారా ఆండ్రాయిడ్ 11 దాకా వచ్చింది. అంటే గూగుల్ సొంత ట్యాబు మీద క్రోమ్‌ను బతికించింది గూగుల్ కాదు, జీతం లేని సేవకులు.

కాని దాని వెనక ఉన్న పని చూస్తే ఇది అందరికీ ఎందుకు కాదో అర్థమవుతుంది. ఆ నెక్సస్‌లో ఓఎస్ కోసం కేటాయించిన మెమరీ భాగం ఆండ్రాయిడ్ 11కు సరిపోదు. ముందు లోపలి మెమరీని కొత్తగా విభజించాలి. మధ్యలో తప్పు జరిగితే ట్యాబ్ లేవదు. విభజన అయ్యాక కొత్త రికవరీ (ఓఎస్‌ను ఎక్కించే చిన్న ప్రోగ్రాం), ఆ తర్వాత ఓఎస్, ఓఎస్ మొదటిసారి తెరుచుకునే లోపే గూగుల్ యాప్‌ల ప్యాకేజీ. ఈ వరస తప్పితే మళ్లీ మొదటికి రావాలి.

ఇంకో గోడ కూడా ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి నెట్‌వర్క్ లెక్కలు చూసే పనిని పాత పద్ధతి నుంచి తప్పించి, ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని ఈబీపీఎఫ్ అనే కొత్త యంత్రాంగానికి అప్పగించారు. పాత కెర్నెళ్లలో అది లేదు. అందుకే ఎన్నో పాత పరికరాలు లీనియేజ్ 18.1 దగ్గరే ఆగిపోయాయి. కొత్త అంకె రాలేదంటే సేవకులు బద్ధకించారని కాదు.

మన దగ్గరి ట్యాబుల్లో ఎన్నింటికి ఈ దారి ఉంది? శామ్‌సంగ్ ట్యాబ్ ఏ7, ట్యాబ్ ఎస్6 లైట్, ట్యాబ్ ఎస్5ఈ లీనియేజ్ అధికారిక జాబితాకు ఎక్కినవే. మీడియాటెక్ చిప్ ఉన్న చవక ట్యాబుల్లో ఎక్కువ భాగం లేవు. చిప్ కంపెనీ సోర్స్ కోడ్ సరిగ్గా విడుదల చేయకపోతే సేవకులు చేయగలిగింది తక్కువ. జాబితాలో లేని ట్యాబుకు ఎవరో తయారుచేసిన అనధికారిక ఫైలు దొరికితే ఆత్రపడకూడదు. అది ఎవరు చేశారో, అందులో ఏం పెట్టారో మనకు తెలియదు. పిల్లల ఫొటోలు, ఓటీపీలు తిరిగే పరికరంలో అది చిన్న సంగతి కాదు.

మూడో పోటీదారు: అసలు సిసలు లినక్స్

ఉబుంటు టచ్‌ను కానోనికల్ కంపెనీ 2013 జనవరిలో ప్రకటించి, 2017లో వదిలేసింది. యూబీపోర్ట్స్ బృందం దాన్ని ఎత్తుకుని నడుపుతోంది. అదే 2017లో పోస్ట్‌మార్కెట్ ఓఎస్ వచ్చింది. ఒక ఫోనో ట్యాబో పదేళ్లు బతకాలన్నది దాని సంకల్పం. నెక్సస్ 7 వంటి కొన్ని ట్యాబులకు ఈ రెండూ చేరాయి.

మొదటి కొలబద్ద మీద ఇవి బాగా నిలుస్తాయి. బ్రౌజరు, సర్టిఫికెట్లు తాజాగా ఉంటాయి. చిక్కంతా యాప్‌లతోనే. వాట్సాప్, ఫోన్‌పే వంటివి వీటిలో నేరుగా ఉండవు. వేడ్రాయిడ్ అనే ఏర్పాటుతో ఆండ్రాయిడ్ యాప్‌లను నడపొచ్చు గాని రెండు జీబీ ర్యామ్ ఉన్న ట్యాబుకు అది మోయలేని బరువు. కెమెరా పనిచేయకపోవడం, నిద్రలోకి పోయిన తెర లేవకపోవడం ఒక్కో పరికరంలో ఒక్కో రకంగా ఎదురవుతాయి.

అయితే ఇంజనీరింగ్ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల లేదు. పైథాన్ రాయడానికి, సర్వర్ ఎలా నడుస్తుందో చూడటానికి, నెట్ లేని చోట పుస్తకాలను, పాఠాలను పక్కవాళ్ల ఫోన్లకు వైఫై ద్వారా పంచడానికి పాత ట్యాబ్ చాలు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తేవడానికి, ఇంజనీరింగ్ కాలేజీల్లో ఈ రకం పనిని నాటడానికి ఏళ్లుగా కృషి చేస్తోంది. ఎంజీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ వంటి చోట్ల ఇలాంటి బృందం ఒకటి ఉంటే ఊళ్లలోని ట్యాబుల్లో కొన్నైనా చెత్తబుట్ట తప్పించుకుంటాయి.

పోటీలోకే రానివి: ఐప్యాడ్, ఫైర్, విండోస్

అమెరికా నుంచి వచ్చిన ఐప్యాడ్‌కు వేరే ఓఎస్ అన్న ఆశ పెట్టుకోవద్దు. 2013 నాటి ఐప్యాడ్ ఎయిర్, మినీ 2 ఐఓఎస్ 12 దగ్గర ఆగాయి. ఎయిర్ 2, మినీ 4 ఐప్యాడ్‌ఓఎస్ 15 దగ్గర ఆగాయి. 2017 నాటి అయిదో తరం ఐప్యాడ్ 16 దాకా వచ్చింది. ఇక్కడ ఆండ్రాయిడ్‌కు, ఆపిల్‌కు పెద్ద తేడా ఉంది. ఆండ్రాయిడ్‌లో ఓఎస్ పాతదైనా బ్రౌజరు విడిగా కొత్తదవుతుంది. ఐప్యాడ్‌లో క్రోమ్ వేసినా, ఫైర్‌ఫాక్స్ వేసినా లోపల నడిచేది ఓఎస్‌తో వచ్చిన సఫారీ ఇంజనే. ఓఎస్ ఆగిన రోజే అన్ని బ్రౌజర్లూ ఆగినట్టు. అందుకే మన కొలబద్ద మీద పాత ఐప్యాడ్ నిలబడదు. వాట్సాప్ 2025 మే నెలలో ఐప్యాడ్‌కు యాప్ తెచ్చినా ఐఓఎస్ 12 వాటికి అది అందలేదు. ఇక మిగిలే పనులు పీడీఎఫ్ చదవడం, పాటలు వినడం, ముందే దించుకున్న వీడియోలు చూడటం. గ్రూప్స్ పరీక్షలకు తెలుగు అకాడమీ పుస్తకాలు చదివే పిల్లలకు ఆ చక్కటి తెర ఇప్పటికీ ఒక వరమే.

అమెజాన్ ఫైర్‌లో ఉన్నదీ ఆండ్రాయిడే, పేరు మాత్రం ఫైర్ ఓఎస్. ఫైర్ ఓఎస్ 5 అంటే లోపల ఆండ్రాయిడ్ 5.1, ఓఎస్ 7 అంటే ఆండ్రాయిడ్ 9. ప్లే స్టోర్ ముందుగా ఉండదు. దాన్ని విడిగా ఎక్కించవచ్చు. తాళం మాత్రం కొన్ని పాత మోడళ్లకు తప్ప తెరుచుకోదు. పైగా అది మన దేశంలో అమ్మే సరుకు కాదు కాబట్టి తెర పగిలినా, బ్యాటరీ పోయినా విడిభాగం దొరకడం కష్టం.

ఇంటెల్ ఆటమ్ చిప్ ఉన్న చవక విండోస్ ట్యాబుల సంగతి వింతగా ఉంటుంది. చిప్ 64 బిట్‌ది, దాన్ని నిద్రలేపే ఫర్మ్‌వేర్ 32 బిట్‌ది. అందుకే మామూలు లినక్స్ పెన్‌డ్రైవ్ పెడితే పలకదు. ఈ చిక్కును గుర్తించిన డెబియన్ వంటివి ఇన్‌స్టాలర్‌లోనే దారి ఇచ్చాయి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. 32 జీబీ మెమరీలో దాని పెద్ద అప్‌డేట్లు అంతకు ముందు నుంచే పట్టడం లేదు. కీబోర్డు ఉన్న ఇలాంటి ట్యాబుకు లినక్స్ నిజంగానే మేలు. శబ్దం, కెమెరా పనిచేస్తాయో లేదో ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు, లోపలిది చెరపకుండానే.

తాళం తెరిస్తే పోయేవి

ఇల్లు మనదే గాని తాళంచెవి కట్టిన మేస్త్రీ దగ్గరే ఉన్నట్టుంటుంది బూట్‌లోడర్ వ్యవహారం. తెరిచినా కొన్ని నష్టాలుంటాయి. శామ్‌సంగ్‌లో బయటి ఓఎస్ ఎక్కిన మరుక్షణం నాక్స్ అనే చిన్న ఎలక్ట్రానిక్ ఫ్యూజ్ శాశ్వతంగా తెగుతుంది. తర్వాత కంపెనీ ఓఎస్‌కే తిరిగి వచ్చినా సెక్యూర్ ఫోల్డర్ వంటివి పనిచేయవు. సినిమాల ఓటీటీ యాప్‌లు హెచ్‌డీ ఇవ్వడం మానేసి మసక బొమ్మ చూపే అవకాశం ఎక్కువ. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు పరికరం నమ్మదగినదేనా అని గూగుల్‌ను అడిగి చూసుకుంటాయి. తాళం తెరిచిన ట్యాబుకు కాదన్న జవాబే ఎక్కువసార్లు వస్తుంది.

దీన్ని లోపంగా చూడనక్కర్లేదు. పాత ట్యాబులో యూపీఐ పెట్టకపోవడమే మంచిది, ఓఎస్ ఏదైనా సరే. భద్రతా అప్‌డేట్లు ఆగిన పరికరంలో డబ్బు లావాదేవీ పెట్టడం ఎంత ప్రమాదమో, మనం తాళం తెరిచిన పరికరంలో పెట్టడమూ అంతే. డబ్బు ఫోనులో, చదువూ సినిమా ట్యాబులో అని విడదీస్తే ఓఎస్ ఎంపిక సగం తేలికవుతుంది.

తెలుగు పరీక్ష

ఆండ్రాయిడ్‌లో తెలుగు లిపి 4.1తో వచ్చింది, తెలుగు మెనూలు 5.0తో వచ్చాయి. అంటే ఆండ్రాయిడ్ 5 కంటే పాతదానితో తెలుగు చదివే పెద్దవాళ్లకు ఇబ్బందే. లినక్స్‌లో ఈ బాధ ఎప్పుడో తగ్గింది. పోతన, వేమన ఖతులు డెబియన్ భాండారంలోనే ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలోనూ టైపు చేయొచ్చు.

ఓఎస్ ఎక్కించాక నిమిషంలో చేసే పరీక్ష ఒకటి చెబుతాను. నోట్స్ యాప్‌లో స్త్రీ, క్ష్మ, ర్క, జ్ఞా అని టైపు చేయండి. వత్తులు అక్షరం కింద కూర్చుంటే సరే. పక్కకు జరిగితే, చుక్కల వలయం కనిపిస్తే ఆ ఓఎస్‌లో తెలుగు కూర్పు సరిగా లేనట్టే, పత్రిక చదవడం కూడా కష్టమవుతుంది. జ్ఞా ఎందుకంటే దానికి చరిత్ర ఉంది. 2018 ఫిబ్రవరిలో ఆ కూర్పు ఒక ప్రత్యేక రూపంలో మెసేజ్‌గా వస్తే చాలు, లోకమంతటా ఐఫోన్లు, ఐప్యాడ్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది. అప్‌డేట్ వచ్చే పరికరంలో అయితే అలాంటి తప్పు వారంలో పోతుంది. రాని పరికరంలో శాశ్వతంగా ఉండిపోతుంది.

బ్యాటరీ, ఎండ

ఏ ఓఎస్ వేసినా మన ఎండలకు తలవంచాల్సిందే. నల్లగొండ వేసవిలో ఎండ 44, 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల ఇంట్లో, ఛార్జర్‌కు తగిలించి ఉంచిన ట్యాబులో బ్యాటరీ వేగంగా అరిగిపోతుంది, ఉబ్బుతుంది కూడా. వెనక మూత కాస్త లేచినట్టున్నా, తెర అంచు విడిపోయినట్టున్నా ఓఎస్ మాట పక్కన పెట్టి ముందు బ్యాటరీ తీయించాలి. దాన్ని నొక్కి సరిచేయాలని చూడటం ప్రమాదకరం. విడిభాగం కోసం మనవాళ్లు వెళ్లే చోట్లు హైదరాబాద్‌లో అబిడ్స్ జగదీష్ మార్కెట్, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ మోడల్‌కు బ్యాటరీ దొరుకుతుందో లేదో కనుక్కున్న తర్వాతే ఓఎస్ మీద పొద్దు పుచ్చడం మేలు.

తీర్పు

ఆండ్రాయిడ్ 10 లేదా అంతకు పైన ఉండి, మూడు నాలుగు పనులకే వాడే ట్యాబుకు ఉన్న ఓఎస్‌నే శుభ్రం చేసి ఉంచండి. ఆండ్రాయిడ్ 9, అంతకంటే పాతది ఉండి, మోడల్ లీనియేజ్ అధికారిక జాబితాలో ఉంటే, లాప్‌టాప్ మీద పని తెలిసినవారు ఇంట్లో ఉంటే లీనియేజ్‌కు పోవచ్చు. జాబితాలో లేకపోతే దాన్ని నెట్ లేకుండా వాడండి. పుస్తకాలు, పాటలు, దించుకున్న పాఠాలు చాలు. ఇంటెల్ విండోస్ ట్యాబుకు లినక్స్, పాత ఐప్యాడ్‌కు చదువు, ఫైర్‌కు వీడియో. ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ వంటివి నేర్చుకునే పిల్లలకు ఇవ్వండి. అవి అమ్మమ్మ చేతికి ఇచ్చేవి కావు.

ఇదంతా ఇంటి స్థాయిలో. అసలు ప్రశ్న సర్కార్ల స్థాయిలో ఉంది. నాగార్జునసాగర్ దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడ 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు 4,59,564, టీచర్లకు 59,176, కలిపి 5,18,740 శామ్‌సంగ్ ట్యాబులను బైజూస్ పాఠాలతో పంచారు. పిల్లలు వేరే పనులకు వాడకుండా తాళం వేసి మరీ ఇచ్చారు. ఆ పిల్లలు 2025లో పదో తరగతి దాటారు. పాఠాలు ఇచ్చిన బైజూస్ దివాలా విచారణలో పడింది. ఇంకొన్నేళ్లలో ఆ లక్షల ట్యాబులన్నీ పాతబడతాయి. అప్పుడు వాటిని ఏ ఓఎస్‌తో బతికించుకోవాలన్నా తాళంచెవులు ప్రభుత్వం చేతిలో, కంపెనీ చేతిలో ఉంటాయి.

కొనేటప్పుడే టెండరులో రెండు షరతులు రాస్తే ఈ చిక్కు ఉండదు. వారంటీ ముగిశాక బూట్‌లోడర్ తెరుచుకోవాలి, కెర్నెల్ సోర్స్ కోడ్ బయట పెట్టాలి. కెర్నెల్ లైసెన్సు ప్రకారం రెండోది కంపెనీలు ఎలాగూ చేయాల్సిందే, నిలదీసి అడిగేవాళ్లు లేక దాటవేస్తున్నారు. లక్షల ట్యాబులు ఒకేసారి కొనేవాడి మాటకు బజారులో విలువ ఉంటుంది. తెలంగాణ సర్కారు అంగన్‌వాడీలకో, బళ్లకో, ఆశా కార్యకర్తలకో ఈసారి పరికరాలు కొన్నప్పుడు ఆ రెండు వాక్యాలు టెండరులో ఉన్నాయా లేవా అని మన ఎమ్మెల్యేలను, టీచర్ల సంఘాలను అడగాలి. ట్యాబు చేతికొచ్చాక ఓఎస్‌ల గురించి ఎంత వాదించుకున్నా లాభం కొంతే. కొనే రోజున ఈ రెండు షరతులు రాయిస్తే, పదేళ్ల తర్వాత ఆ ట్యాబులో ఏ ఓఎస్ ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు.